మాటకు ముందు మేళం

తెలుగు పెళ్లిలో మంత్రం ఎవరికీ వినపడని క్షణం ఒకటుంది. వరుడు మంగళసూత్రం చేతిలోకి తీసుకోగానే పురోహితుడు మేళగాళ్ల వైపు చెయ్యి ఊపుతాడు. సన్నాయి పై స్థాయికి ఎగబాకుతుంది, డోలు హోరెత్తుతుంది. అప్పటిదాకా ఒక్కో అక్షరం పొల్లుపోకుండా చదివిన పురోహితుడు అప్పుడూ చదువుతూనే ఉంటాడు. కానీ ఎదురుగా కూర్చున్న పెళ్లికూతురికి కూడా ఆ మంత్రం సరిగ్గా చెవిన పడదు. తుమ్మో, అశుభమైన మాటో వినపడకూడదని గట్టిమేళం వాయిస్తారని పెద్దలు చెబుతారు. ఆ కారణాన్ని కాదనక్కర్లేదు. అయినా ఆలోచించవలసింది మిగిలే ఉంటుంది. మంత్రంలో ఒక్క స్వరం తప్పితే ఫలమే తారుమారవుతుందని నమ్మే సంప్రదాయం ఇది. అలాంటిది, పెళ్లి మొత్తానికీ ప్రాణమైన ఘడియలో మాటను మరుగున పెట్టి, ఏ అర్థమూ చెప్పని నాదాన్ని ముందుకు తెస్తోంది.

నాందేడ్ జిల్లా ముద్ఖేడ్‌లో జరిగే మరాఠీ పెళ్లిలోనూ ఇలాంటి ఘట్టమే కనిపిస్తుంది. వధూవరుల మధ్య తెర పట్టుకుని మంగళాష్టకాలు పాడతారు. ఒక్కో పద్యం చివర ‘సావధాన్’ అనగానే చుట్టూ ఉన్నవాళ్లు అక్షతలు చల్లుతారు. ఆఖరి సావధాన్‌తో తెర తొలగుతుంది, వాద్యాలు ఒక్కసారిగా మోగుతాయి. ఒకప్పుడు సనయీ, చౌఘడా మోగేవి. ఇప్పుడు ఎక్కువగా బ్యాండు మోగుతోంది. తెలుగువాళ్లు మంత్రం మీదే మేళం మోగిస్తే, మరాఠీవాళ్లు పద్యం ముగియగానే మోగిస్తారు. తేడా అంతే.

పదాలు లేని సంగీతం మనిషిని కదిలిస్తుందన్నది ఎవరూ నిరూపించనక్కర్లేదు. సన్నాయి విని కళ్లు చెమర్చిన ప్రతి పెళ్లికూతురి తండ్రికీ ఆ సంగతి తెలుసు. తేలవలసింది వేరే ఉంది. ఆ కదలికకు మతంలో చోటెక్కడ? దేవుడి పేరు లేని నాదం ప్రార్థన అవుతుందా? లేక మనసుకు హాయినిచ్చి ఊరుకునే వినోదమేనా?

ఈ ప్రశ్న వేసుకోవడానికి ముద్ఖేడ్ తగిన చోటు. పెద్ద పుణ్యక్షేత్రమేమీ కాదు, రైలు జంక్షన్. ఆదిలాబాద్ నుంచి వచ్చే పట్టాలూ, నిజామాబాద్ నుంచి వచ్చే పట్టాలూ ఇక్కడ కలిసి నాందేడ్ వైపు సాగుతాయి. 1956 దాకా ఈ ప్రాంతం ముందు హైదరాబాదు సంస్థానంలో, తర్వాత హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఆ ఏడాది నవంబరు 1న బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది, 1960లో మహారాష్ట్రలో భాగమైంది. సరిహద్దులు మారాయి గానీ మాటలు మారలేదు. జిల్లాలో తూర్పున ఉన్న ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ తాలూకాల్లో మరాఠీతో పాటు తెలుగు ఇప్పటికీ ఇంటి భాషే. ముద్ఖేడ్ నుంచి పడమటికి ఇరవై పైచిలుకు కిలోమీటర్లు వెళితే నాందేడ్ గురుద్వారా వస్తుంది. నిజామాబాద్ వైపు రైలెక్కితే ఉమ్రి, ధర్మాబాద్ దాటి గోదావరి ఒడ్డున బాసర వస్తుంది. అటు గ్రంథమే గురువైన చోటు, ఇటు వాగ్దేవి కొలువు. రెండూ మాటకు పట్టం కట్టిన క్షేత్రాలే. రెండింటిలోనూ మాట పక్కనే ఒక వాద్యం ఉంది.

నాందేడ్‌తో మొదలుపెడితే, 1708 అక్టోబరులో గురు గోవింద్ సింగ్ కన్నుమూసింది అక్కడే. తన తర్వాత మనిషి గురువు ఉండడనీ, ఆది గ్రంథమే శాశ్వత గురువనీ ఆయన ప్రకటించారు. మాటకు ఇంతకంటే పెద్ద పీట వేసిన మతం అరుదు. పుస్తకానికి చామరం వీస్తారు, రాత్రి పడకకు చేరుస్తారు, తెల్లవారుజామున మేలుకొలుపుతారు. అయితే ఆ పుస్తకంలో అత్యధిక భాగాన్ని పేర్చిన పద్ధతి రాగాలను బట్టి సాగుతుంది. 31 రాగాలు, ఒక్కో రాగం కింద ఆ రాగంలో పాడవలసిన శబదులు, అంటే కీర్తనలు. ఈ మాట ఏ నాదంలోంచి రావాలో గ్రంథమే చెబుతోంది.

ఇంకా వెనక్కి వెళితే గురు నానక్ పక్కన భాయీ మర్దానా కనిపిస్తాడు. ముస్లిం, పుట్టుకతో సంగీతకారుల కుటుంబంవాడు, రబాబ్ వాయించేవాడు. నానక్ సుదీర్ఘ యాత్రల్లో నీడలా వెంట ఉన్నాడు. సిక్కులు తరతరాలుగా చెప్పుకునే కథల్లో ఒక దృశ్యం మళ్లీ మళ్లీ వస్తుంది. నానక్ లోపల ఏదో కదులుతుంది, మర్దానాను రబాబ్ మీటమంటాడు. తంత్రి మోగాకే వాణి వెలువడుతుంది. ఈ వరసను తేలిగ్గా తీసుకోకూడదు. పాట పుట్టాక దానికి హంగుగా వాద్యం చేరడం మనం ఎరిగిన పద్ధతి. ఇక్కడ వాద్యం ముందు, వాక్కు తర్వాత. మాట దిగిరావడానికి కావలసిన మౌనాన్ని రబాబ్ సిద్ధం చేస్తోంది.

అది పాతకాలపు ముచ్చటగా మిగిలిపోలేదు. స్వర్ణదేవాలయంలో హార్మోనియంను క్రమంగా తగ్గించి, రబాబ్, దిల్‌రుబా, తావూస్, సరందా వంటి తంత్రీవాద్యాలను తిరిగి తేవాలని 2022లో సిక్కుల మతపీఠమైన అకాల్ తఖ్త్ అధిపతి (జత్థేదార్) సూచించారు. హార్మోనియం మెట్లు ఎక్కడివక్కడ బిగిసి ఉంటాయి. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే గమకం దానికి పలకదు. అదే కారణంతో ఆకాశవాణి కూడా 1940లో దాన్ని నిషేధించి, 1971 దాకా దగ్గరికి రానివ్వలేదు. శబదులు ఏ వాద్యంతో పాడినా అక్షరాలు మారవు, అర్థం మారదు. అయినా ఒక మతపీఠం వాద్యం సంగతి పట్టించుకుంది. అంటే అర్థం మొత్తం అక్షరాల్లోనే లేదని ఆ పీఠం గుర్తించినట్టే.

ఇక బాసర. అక్షరాభ్యాసానికి పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని తెలంగాణ నుంచీ, మరాఠ్వాడా నుంచీ తల్లిదండ్రులు వస్తారు. పలకా బలపం, బియ్యంలో వేలితో దిద్దించే మొదటి అక్షరం, ఆ ఆలయంలో సందడంతా వీటిదే. సరస్వతిని మన శిల్పులూ చిత్రకారులూ తరతరాలుగా ఎలా చూపించారో ఒకసారి గుర్తు చేసుకుంటే మాత్రం ఆశ్చర్యం వేస్తుంది. పుస్తకం ఒక చేతిలో, జపమాల ఒక చేతిలో ఇమిడిపోతాయి. వీణకు మాత్రం రెండు చేతులూ కావాలి, ఒడీ కావాలి. వాక్కుకు అధిదేవత అయిన తల్లి ఎక్కువ చోటిచ్చింది మాట్లాడని వస్తువుకే. పిల్లలకు పుస్తకం పరిచయం చేసినంత శ్రద్ధగా వీణను పరిచయం చేసే ఆచారం మనకు లేకపోవడం నిజంగా లోటే.

ఈ రైలు దారికే చెందిన ఇంకో మనిషి ఉన్నాడు. ముద్ఖేడ్ మీదుగా ముంబై వెళ్లే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌కు పేరిచ్చిన కోట యాదవరాజుల రాజధాని. 13వ శతాబ్దంలో యాదవరాజు సింఘణుడి కొలువులో శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’ రాసింది అక్కడే. ఆయన పూర్వీకులు కాశ్మీరం నుంచి దక్షిణానికి వచ్చారు. ఆయన ఉద్యోగం రాజుగారి లెక్కలు చూడడం. గీతం, వాద్యం, నృత్తం మూడూ కలిస్తేనే సంగీతమనీ, వాద్యం గీతాన్ని అనుసరిస్తుందనీ ఆయనే చెప్పాడు కాబట్టి పాటవైపు మొగ్గినవాడే. అయినా గ్రంథారంభంలో ఆయన ప్రస్తావించింది పాటను కాదు, నాదాన్ని. నాదం రెండు విధాలు. దేన్నీ తాకకుండా లోపల మోగేది అనాహతం, తాకిడితో పుట్టేది ఆహతం. యోగులు గురువు చూపిన దారిలో అనాహతాన్ని ఉపాసిస్తారు, దాంతో ముక్తి పొందుతారు. కానీ దానికి రక్తి లేదు, జనుల మనసుకు పట్టదు అంటాడు శార్ఙ్గదేవుడు. అందుకే చెవికి ఇంపైన ఆహతనాదం కావాలి. అది లోకాన్ని రంజింపజేస్తూనే భవబంధం తెంచుతుందని ఆయన నమ్మకం.

లెక్కలు చూసే మనిషి తూకం ఇది. అందరూ యోగులు కాలేరు. కాలేనివాళ్లకు తంత్రి, తోలు, వెదురు ఉన్నాయి. అవి కింది మెట్టని ఆయన చిన్నచూపు చూడలేదు. ఆ గ్రంథం తెలుగు నేలకూ త్వరగానే చేరింది. దానికి ‘సంగీత సుధాకరం’ అనే వ్యాఖ్య రాసిన సింహభూపాలుడు రాచకొండను ఏలిన రేచర్ల ప్రభువని మన సాహిత్య చరిత్రకారులు చెబుతారు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే యాజ్ఞవల్క్య స్మృతి ఇంకో అడుగు ముందుకు వేసింది. వీణావాదన తత్త్వం ఎరిగినవాడు, శ్రుతి జాతులు తెలిసినవాడు, తాళజ్ఞానం ఉన్నవాడు ఆయాసం లేకుండా మోక్షమార్గం చేరతాడని అందులో ఉంది. దాయభాగాలూ ప్రాయశ్చిత్తాలూ నిర్ణయించే ధర్మశాస్త్రంలో ఈ మాట ఉండడం గమనించదగ్గది.

అయితే ఈ గౌరవం పోరాటం లేకుండా రాలేదు. నాట్యశాస్త్రం అయిదో అధ్యాయంలో ఒక జగడం ఉంది. నాటకానికి ముందు జరిగే పూర్వరంగంలో నారదుడూ గంధర్వులూ అర్థవంతమైన పదాలు లేని తంత్రీవాద్య సంగీతం వినిపించారు. దాని పేరు నిర్గీతం. దైత్యులు దానికి పరవశించిపోయారు, ఇంకేమీ అక్కర్లేదన్నారు. దేవతలకు కోపం వచ్చింది. రాక్షసులు ఇంతగా ఇష్టపడుతున్న దాన్ని తుడిచిపెట్టాలని నారదుడి దగ్గరికి వెళ్లారు. నారదుడు ఒప్పుకోలేదు. ఇది నశించకూడదు, దీనితో తృప్తిపడితే రాక్షసులు నాటకానికి అడ్డురారు, దేవతల మర్యాద కోసం దీన్నే బహిర్గీతం అందాం అని సర్దిచెప్పాడు.

మతాలు వాద్యసంగీతాన్ని చూసి ఎందుకు జంకుతాయో ఈ కథ కంటే బాగా చెప్పినది లేదు. పదాలున్న పాట తన శ్రోతను ఎంచుకుంటుంది. విష్ణువు పేరున్న కీర్తన ఎవరిదో వినగానే తెలుస్తుంది. పదాలు లేని నాదానికి ఆ కాపలా లేదు. దేవతకూ దైత్యుడికీ ఒకేలా అందుతుంది. దేవతలకు కష్టం తోచింది అక్కడే. నారదుడికి అదే దాని గొప్పతనంగా తోచింది. ఆయన దానికి చోటు చూపించిన తీరు కూడా గమనించాలి. నాటకం మధ్యలో పెట్టలేదు, మొదటి మాట పలకకముందు, గడప దగ్గర పెట్టాడు. మర్దానా రబాబ్ ఉన్న చోటూ అదే.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. మన వాద్యకచేరీల్లో నిజంగా పదాలు లేవా? విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. హరికథా పితామహుడు, మాటల సముద్రం. 1936లో ఆ కుర్చీలో కూర్చున్నది ద్వారం వెంకటస్వామి నాయుడు, చూపు మందగించిన ఫిడేలు విద్వాంసుడు. గాయకుడి వెనక కూర్చునే ఫిడేలును ఆయన ఒంటరిగా కచేరీ నడిపే వాద్యంగా నిలబెట్టారు. 1941లో సంగీత కళానిధి అయ్యారు. అయితే ఆయన కమాను పలికించినవి ఎక్కువగా కృతులే. త్యాగరాజ కృతి ఫిడేలు మీద వింటున్న తెలుగువాడి పెదవులు తనకు తెలియకుండానే కదులుతాయి. అక్కడ సాహిత్యం గొంతులోంచి శ్రోత జ్ఞాపకంలోకి మారింది, అంతే.

సొంతంగా వాద్యరచనలు చేసినవాళ్లూ పూర్తిగా మాటను వదలలేదు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి ఎవరెస్టు ఆరోహణను వీణ మీద ‘ఆదర్శ శిఖరారోహణం’గా మలిచారు. ఆయన శిష్యుడు, కాకినాడలో 1936లో పుట్టిన చిట్టిబాబు వీణ మీద కోయిలను కూయించారు. ఆ రచన ‘కొమ్మలో కోయిల’గా ఇంటింటికీ తెలిసింది. రెండూ గొప్ప రచనలే. కానీ పేరు తీసేస్తే వినేవాడికి కొండ కనిపిస్తుందా? కోయిల కనిపిస్తుందేమో గానీ కొండ అనుమానమే. శీర్షిక కూడా సాహిత్యమే, ఒక్క మాటంత సాహిత్యం.

మరి నిఖార్సుగా పదాలు లేనిది ఏది? దక్షిణాది ఆలయాల్లో మల్లారి. దానికి సాహిత్యం లేదు, గంభీరనాట రాగంలో నడుస్తుంది. ఉత్సవమూర్తి గర్భాలయం వదిలి వీధిలోకి కదిలేటప్పుడు నాదస్వరం మీద వాయిస్తారు. మళ్లీ గడప దగ్గరే! ఆ మల్లారిని నిలబెట్టిన తంజావూరు బాణీని ఒంట పట్టించుకుని, శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుడి సన్నిధిలో వాయించిన విద్వాంసుడు ప్రకాశం జిల్లా కరవది వాడు, షేక్ చినమౌలానా. 1924లో పుట్టారు. తరతరాలుగా నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబం. 1998లో సంగీత కళానిధి అందుకున్నారు, మరుసటి ఏడాది పోయారు. చిలకలూరిపేట, ఒంగోలు చుట్టుపక్కల ఇలాంటి ముస్లిం నాదస్వర కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. భద్రాచల రాముడి కొలువులో నాదస్వరం వాయించిన గోసవీడు షేక్ హసన్‌కు 2022లో మరణానంతరం పద్మశ్రీ ప్రకటించారు. దీన్ని మతసామరస్యమని రెండు ముక్కల్లో మెచ్చుకుని వదిలేస్తే అసలు సంగతి చేజారుతుంది. సిద్ధాంతాలు మాటల్లో ఉంటాయి, ఒప్పుకోవడమూ కాదనడమూ మాటల్లోనే జరుగుతాయి. నాదస్వరం ఎవరి చేతా ఏ వాక్యం మీదా సంతకం పెట్టించదు. వాయించేవాడు తన విశ్వాసంలో ఉండగానే ఎదుటివాడి దేవుడికి పూర్తి నిష్ఠతో సేవ చేయగలిగిన చోటు అది. శాస్త్రచర్చలో అలాంటి చోటు దొరకదు.

దేశమంతా ఎరిగిన మరో ఉదాహరణ రేడియోది. ఆకాశవాణి ప్రసారాలు మొదలయ్యే ముందు వచ్చే ఆ చిన్న బాణీని ముద్ఖేడ్‌లో మరాఠీ రైతూ, ధర్మాబాద్‌లో తెలుగు రైతూ ఒకే తెల్లవారుజామున విన్నారు. వెనక తంబురా శ్రుతి, దాని మీద ఫిడేలు, శివరంజని ఛాయ. కూర్చినవాడు వాల్టర్ కౌఫ్‌మన్. ఇప్పటి చెక్ దేశంలోని కార్ల్స్‌బాడ్‌లో 1907లో పుట్టిన యూదుడు, హిట్లర్ నీడ యూరప్ మీద కమ్ముకుంటున్నప్పుడు 1934లో బొంబాయి చేరి, తర్వాత ఆకాశవాణి బొంబాయి కేంద్రంలో సంగీత బాధ్యతలు చూశాడు. ఇల్లు వదిలి వచ్చిన మనిషి చేసిన బాణీ అని తెలియకుండానే కోట్లమందికి అది విని గుండె బరువెక్కింది. అది కూడా మొదటి మాటకు ముందు వినిపించేదే.

క్రైస్తవంలో ఈ వాదం ఒకే మనిషి లోపల జరిగింది. ఉత్తర ఆఫ్రికాలో బిషప్‌గా ఉన్న సెయింట్ అగస్టీన్, పాటలోని అర్థం కంటే రాగమే తనను ఎక్కువ కదిలిస్తే అది పాపమేమోనని తన ‘కన్ఫెషన్స్’లో మథనపడ్డాడు. అదే అగస్టీన్ ఒక కీర్తన మీద ప్రవచనం చెబుతూ, కోతలు కోసేవాళ్లు మొదట పదాలతో పాడి, ఆనందం పొంగగానే పదాలు వదిలేసి ఉట్టి ధ్వనిలోకి వెళ్లిపోతారనీ, మాటల్లో పట్టని దేవుడికి తగిన పాట అదేననీ అన్నాడు. భయమూ నిజమే, ఆనందమూ నిజమే.

ఇటీవలి పరిశోధనలు ఈ చర్చకు ఊహించని మలుపు ఇచ్చాయి. కామెరూన్ కొండల్లో పాశ్చాత్య సంగీతం ఎన్నడూ వినని మఫా తెగవాళ్లకు పియానో ముక్కలు వినిపిస్తే, ఏది సంతోషమో, ఏది దుఃఖమో, ఏది భయమో చాలావరకు గుర్తుపట్టారని 2009లో థామస్ ఫ్రిట్జ్ బృందం ప్రచురించింది. అంతకు పదేళ్ల ముందు, 1999లో, కెనడాలో లారా-లీ బాల్క్‌విల్, విలియం థాంప్సన్ మన హిందుస్తానీ రాగాలను ఆ సంగీతంతో పరిచయం లేని పాశ్చాత్య శ్రోతలకు వినిపించారు. సంతోషం, దుఃఖం, కోపం వాళ్లకు అందాయి. శాంతం మాత్రం అంత నమ్మకంగా అందలేదు.

మతం దృష్టితో చూస్తే ఈ ఒక్క ఫలితం ఎంతో విలువైనది. సంగీతం సర్వజనీన భాష అనే ధీమాకు అది హద్దు గీస్తోంది. ఏడుపూ నవ్వూ కోపమూ వాటంతట అవే దాటివస్తాయి. ఏ మతమైనా చివరికి కోరే శాంతం దాటిరాదు. శాంతాన్ని తొమ్మిదో రసంగా నిలబెట్టడానికి అభినవగుప్తుడు నాట్యశాస్త్ర వ్యాఖ్యలో అంత గట్టిగా వాదించవలసి వచ్చిందంటే, అది మిగతా ఎనిమిదింటిలా ఇట్టే తెలిసిపోయేది కాదన్నమాట. వేగం, పెద్ద చప్పుడు, వణుకు లాంటి పై గుర్తులతో దాన్ని పట్టుకోలేం. చెవికి అలవాటు కావాలి. ఆ అలవాటు ఒక వీధిలో, ఒక గుడిలో, రోజూ ఒకే వేళకు ఒకే రాగం వింటూ పెరగడంతో వస్తుంది. అందుకే గడప దాటాక మాట మళ్లీ అవసరమవుతుంది. ఎవరి కోసం వింటున్నామో, ఎందుకు వింటున్నామో మాటే చెబుతుంది. బాసర తల్లి పుస్తకాన్ని కింద పెట్టకుండానే వీణ పట్టుకుంది.

మాట చెప్పినదంతా చెవి నేర్చుకోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. చినమౌలానా కరవదిలోనే పుట్టువిద్యగా నాదస్వరం పట్టుకున్నారు. అయినా తంజావూరు బాణీ కోసం నాచియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణుల దగ్గర కూర్చుని మళ్లీ నేర్చుకున్నారు. 1982లో శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి, తాను నేర్చినది నేర్పారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులు ప్రకాశం జిల్లా వాళ్లే. వాళ్లూ శ్రీరంగంలో ఇల్లు కట్టుకుని, 2021లో పద్మశ్రీ అందుకున్నారు, పిల్లలకు నాదస్వరం నేర్పుతున్నారు.